విచక్షణిని గ్రాఫు మీద చదవడం

చిరంజీవి మేనకోడలికి,

గ్రాఫు బహుపదుల పాఠంలో, విచక్షణి వర్గ సమీకరణాల పాఠంలో వస్తాయి కాబట్టి పదో తరగతి పిల్లలు ఆ రెంటికీ సంబంధం లేదనుకుంటారు. నువ్వు మాత్రం గ్రాఫు కాగితం తీసి ఎక్స్² − 4ఎక్స్ + 3 గీయి. ఏఎక్స్² + బీఎక్స్ + సీ అనే రూపంలో విచక్షణి అంటే బీ² − 4ఏసీ. ఇక్కడ అది 16 − 12, అంటే 4. వక్రం 1 దగ్గర, 3 దగ్గర ఎక్స్ అక్షాన్ని ఖండిస్తుంది. చివరి 3 తీసేసి 4 పెట్టు. ఆకారం మారదు, పరావలయం మొత్తం ఒక గడి పైకి జరుగుతుంది. విచక్షణి 0, శీర్షం (2, 0) దగ్గర అక్షాన్ని తాకి ఊరుకుంటుంది. 5 పెడితే ఇంకో గడి లేచి అక్షానికి అందకుండా పోతుంది. విచక్షణి −4. వక్రాన్ని ట్రేసింగ్ కాగితం మీద ఒక్కసారి గీసుకుని నిలువుగా జరుపు, మూడుసార్లు గీసే పని తప్పుతుంది.

మూలాల (వక్రం ఎక్స్ అక్షాన్ని ఖండించే చోట్ల) మధ్య దూరం కూడా ఇందులోనే ఉంది: విచక్షణి వర్గమూలాన్ని ‘ఏ’ చేత (గుర్తు వదిలేసి) భాగించాలి. మొదటి గ్రాఫులో √4 = 2. గడులు లెక్కపెట్టుకో, 1 నుంచి 3కి రెండే.

చిక్కు వచ్చేది ఎక్స్² − 5ఎక్స్ + 6 లాంటి వాటితో. 2 దగ్గరా 3 దగ్గరా విలువ సున్నా కదా అని ఆ రెండు చుక్కల్నీ స్కేలు పెట్టి అడ్డంగా కలిపేస్తారు. నిజానికి 2.5 దగ్గర వక్రం 0.25 కిందికి దిగాలి. వై అక్షం మీద 1 సెం.మీ.కి 5 యూనిట్లు తీసుకుంటే ఆ దిగుడు అర మిల్లీమీటరే, పెన్సిలు గీతలో కలిసిపోతుంది. విచక్షణి 1 అని ముందే తెలిస్తే 1 సెం.మీ.కి 1 యూనిట్ తీసుకుని, చేత్తోనే గుండ్రంగా గీస్తావు.

పట్టిక అలవాటుగా −3 నుంచి 3 వరకు వేయకు. ఎక్స్² − 8ఎక్స్ + 15కి అలా వేస్తే వక్రం 3 దగ్గరకొచ్చి ఆగుతుంది, తాకినట్టే ఉంటుంది. ముందు −బీ/2ఏ కట్టు. ఇక్కడ 4. అటు మూడు, ఇటు మూడు విలువలు తీసుకుంటే 5 దగ్గర రెండో మూలం బయటపడుతుంది.

విచక్షణి రుణాత్మకం అంటే వక్రం అక్షం కింద ఉందని కాదమ్మా. పైన గీసిన ఎక్స్² − 4ఎక్స్ + 5 అక్షానికి పైనే ఉంది. −ఎక్స్² + 4ఎక్స్ − 5 కింద ఉంది. రెంటికీ −4 వస్తుంది. పైనా కిందా అన్నది ‘ఏ’కి ఉన్న గుర్తు చెబుతుంది.

ఏ, సీ గుర్తులు వేరైతే లెక్క కూడా అక్కర్లేదు. 2ఎక్స్² + 7ఎక్స్ − 3 చూడు. సున్నా దగ్గర వక్రం −3లో ఉంది, చేతులు రెండూ పైకి. అటొకసారి ఇటొకసారి అక్షాన్ని దాటక తప్పదు.

ఆశీస్సులతో,
మావయ్య