రిపేరుకిచ్చిన పాత ఆంప్లిఫయర్‌ను మెకానిక్ తిరిగి ఇవ్వనంటే?

ప్రశ్న: మాది అనంతపురం. మా నాన్నగారి నాడ్ 3020 ఆంప్లిఫయర్ ఎడమవైపు గుయ్‌మంటుంటే కర్నూలులో ఒక మెకానిక్‌కు ఇచ్చాను. ఫిల్టర్ కండెన్సర్లు మార్చానని 6,800 రూపాయలు యూపీఐలో తీసుకున్నాడు. మూడు వారాలకే ఎడమ స్పీకర్ వూఫర్ (బేస్ పలికే పెద్ద స్పీకర్) కాలిపోయింది. మా ఊరి మెకానిక్ మూత తీసి చూసి, ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్లు (స్పీకర్లకు కరెంటు అందించే భాగాలు) సెట్టుతో వచ్చినవి కావని ఫొటోలు తీసి ఇచ్చారు. సెట్టు మళ్లీ కర్నూలు తీసుకెళ్తే, ‘చెకింగ్ చార్జి 4,000 కడితేనే ఇస్తా, పాత సెట్లకు గ్యారంటీ లేదని రసీదు మీద ఉంది కదా’ అంటున్నాడు. కేసు వేయొచ్చా? ఎక్కడ?

జవాబు: వేయొచ్చు. కానీ మీ కేసుకు అసలు సాక్ష్యం ఆ సెట్టు. అది ఇప్పుడు ఎదుటివాడి బల్ల మీద ఉంది. రేపు ఆ ట్రాన్సిస్టర్లు పీకేసి వేరేవి అతికిస్తే మీ దగ్గర మిగిలేవి నాలుగు ఫొటోలే. అందుకని కేసు కంటే ముందు ఈరోజే వాట్సాప్‌లో ఒక సందేశం, స్పీడ్ పోస్టులో ఒక ఉత్తరం పంపండి: ‘సెట్టులో ఏ భాగమూ విప్పొద్దు, మార్చొద్దు, మొదటిసారి తీసేసిన పాత భాగాలతో సహా ఉన్నది ఉన్నట్టు 15 రోజుల్లో తిరిగి ఇవ్వండి’. ఫిర్యాదుకు ముందు నోటీసు ఇచ్చి తీరాలని చట్టంలో లేదు. అయినా ఇలాంటి చోట అది చాలా పని చేస్తుంది. తీసేసిన పాత ట్రాన్సిస్టర్లు కూడా మీ సొత్తే. వాటిని ఉంచుకోవడానికి మీరు ఒప్పుకొని ఉంటే తప్ప మెకానిక్‌కు వాటిపై హక్కు లేదు.

ఇక 4,000 సంగతి. రిపేరుకిచ్చిన వస్తువును, చేసిన పనికి కూలి ముట్టేదాకా అట్టిపెట్టుకునే హక్కు మెకానిక్‌కు ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ఆ మాటే చెబుతుంది. కానీ అది నైపుణ్యంతో చేసిన పనికి, ఆ పని కూలికే. మొదటి పనికి డబ్బు ముట్టింది. రెండోసారి పనీ జరగలేదు, ఇంత అవుతుందని ముందు చెప్పనూ లేదు. కాబట్టి ఆ హక్కు ఇక్కడ నిలవడం కష్టం. అయినా సెట్టు చేతికి రావడమే ముఖ్యమనుకుంటే, ‘అభ్యంతరంతో కడుతున్నాను’ అని మెసేజ్ పెట్టి, యూపీఐలోనే కట్టి తెచ్చుకోండి. తరువాత ఆ మొత్తాన్ని కూడా ఫిర్యాదులో కలపండి. నగదు మాత్రం ఇవ్వొద్దు.

సెట్టు వచ్చాక వెంటనే కరెంటు పెట్టకండి. ఈ సెట్టులో కంపెనీ వేసిన ఔట్‌పుట్ ట్రాన్సిస్టర్ల జత 2ఎన్3055, ఎంజే2955. మార్కెట్లో నకిలీ 2ఎన్3055లకు కొదవ లేదు. పైన పెద్ద లోహపు టోపీ, లోపల వేలిగోరులో సగం కూడా లేని చిప్పు. చిన్న శబ్దానికి బాగానే పాడుతుంది, కాస్త పెంచితే షార్ట్ అవుతుంది. అప్పుడు సప్లై డీసీ సూటిగా వూఫర్ కాయిల్‌లోకి పోయి కాల్చేస్తుంది. ట్రాన్సిస్టర్ అసలుదే అయినా, మార్చాక ఐడిల్ కరెంట్ (పాట లేనప్పుడు కూడా ట్రాన్సిస్టర్లలో పారే కరెంటు) సరిచేయకపోతే వేడెక్కి ఇదే గతి. ఈ రెండింట్లో ఏది జరిగిందన్నదే మీ కేసుకు ఆయువుపట్టు.

కాబట్టి అనుభవమున్న టెక్నీషియన్‌తో, సోల్డర్ ఏమీ తీయించకుండా, పరీక్ష చేయించి సంతకంతో నివేదిక తీసుకోండి. సెట్టుకు సిరీస్‌లో 60 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చేయాలి. బల్బు నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్ట్ ఉన్నట్టే, అక్కడే ఆపాలి. మసకబారితే స్పీకర్లు తగిలించకుండా, పాటేమీ పెట్టకుండా, స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవాలి. కొన్ని పదుల మిల్లీవోల్టులు మామూలే, వోల్టుల్లో కనిపిస్తే తప్పు. ట్రాన్సిస్టర్ల మీది అక్షరాలు, కొత్త సోల్డర్, పాత సోల్డర్ స్పష్టంగా కనబడేలా ఫొటోలు కావాలి. ‘సౌండ్ బాగాలేదు’ అని రాసిన నివేదికకు వినియోగదారుల కమిషన్ ముందు విలువుండదు, అంకెలుండాలి. కాలిన వూఫర్‌ను రీవైండింగ్‌కు ఇవ్వకుండా దాచిపెట్టండి.

ఎదుటివాడు ‘నలభై ఏళ్లు దాటిన సెట్టు, దానంతటదే పోయింది’ అంటాడు. ఈ మాటను తేలిగ్గా తీసుకోకండి, మీ కేసులో బలహీనత ఇదే. సేవాలోపం రుజువు చేయాల్సింది ఫిర్యాదుదారే. గ్యారంటీ లేదన్న ముద్రకు మాత్రం బెదరకండి. సెట్టు తనంతట తాను పాడైతే ఆ ముద్ర పనికొస్తుందేమో గానీ, చెప్పకుండా నాసిరకం భాగం వేయడానికి అది అనుమతి పత్రం కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం మీరు నివసించే చోటే ఫిర్యాదు వేయొచ్చు. కర్నూలు తిరగక్కర్లేదు, అనంతపురం జిల్లా కమిషన్ చాలు. ఏ కమిషన్ అన్నది సెట్టు విలువను బట్టి కాక, మీరు చెల్లించిన మొత్తాన్ని బట్టి తేలుతుంది. ఐదు లక్షల లోపు కోర్టు ఫీజు లేదు. ఆన్‌లైన్‌లో కూడా దాఖలు చేయొచ్చు. లోపం బయటపడ్డ రోజు నుంచి రెండేళ్లు గడువు. సెట్టు ఇంకా మెకానిక్ దగ్గరే ఉంటే, దాన్ని మార్చకుండా మధ్యంతర ఉత్తర్వు కూడా అందులోనే అడగండి. వాట్సాప్ సంభాషణ ప్రింట్లతో పాటు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ కింద (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా చూపడానికి కావలసిన) సర్టిఫికెట్ జతచేయండి. చట్టం మూడు నుంచి ఐదు నెలల్లో తేల్చమంటుంది, వాయిదాలు మాత్రం ఆ లెక్కలో నడవవు.

పరిహారం అడిగేటప్పుడు 6,800, వూఫర్ బిల్లు, కట్టి ఉంటే 4,000, అసలైన భాగాలతో మళ్లీ బాగు చేయించడానికి అయ్యే ఖర్చుకు ఎస్టిమేటు, కేసు ఖర్చులు రాయండి. ‘నాన్నగారి గుర్తు’ అని లక్షలు వేస్తే మిగతా లెక్క మీద కూడా నమ్మకం పోతుంది. ఒక పేరా మాత్రం తప్పకుండా ఉండాలి: 1978లో వచ్చిన ఈ సెట్టు కాగితం మీద 20 వాట్లే అయినా బరువైన స్పీకర్లను లాగుతుందని, అందుకే ఇప్పటికీ కొనేవాళ్లున్నారని. అలాంటి సెట్టు ఈమధ్య అమ్ముడుపోయిన ధర తెలిపే కాగితం ఒకటి జతచేయండి. లేకుంటే కమిషన్‌కు అది పాత ఇనుప సామాను లాగే కనబడుతుంది.

పోలీసు స్టేషన్‌కు ఇప్పుడే వెళ్లకండి, సివిల్ తగాదా అని పంపేస్తారు. సెట్టు నా దగ్గర లేనే లేదని బుకాయించినా, అమ్మేసినా, అప్పుడు నమ్మకద్రోహం కింద ఫిర్యాదు ఆలోచిద్దాం.