కాయ కట్టినంత మాత్రాన రెండు ఆర్కిడ్లు కలిసినట్టేనా?

గ్రీన్‌హౌస్‌లో ఏ ఆర్కిడ్‌నైనా దేనితోనైనా కలిపేస్తున్నారు కదా, మరి అడవిలో పక్కపక్కనే పూసే దగ్గరి జాతులు ఎందుకు కలిసిపోవడం లేదని అడిగారు. ఆ మొదటి సగంతోనే నాకు పేచీ.

నా దగ్గరున్న రెండు డెండ్రోబియం జాతులు ఒకేసారి పూశాయి. అగ్గిపుల్లతో ఒకదాని పుప్పొడి ముద్దలు తీసి రెండోదాని కీలాగ్రంలో పెట్టాను. పువ్వు వాడింది, వెనక కాయ ఉబ్బింది. చూసిన స్నేహితుడు అప్పుడే హైబ్రిడ్‌కు పేరు వెతకడం మొదలుపెట్టాడు. ఆగరా అన్నాను. ఆర్కిడ్లలో పుప్పొడి పడ్డాకే అండాలు తయారవుతాయి, ఫలదీకరణకు వారాలు, కొన్నిట్లో నెలలు పడుతుంది. కాయ ఉబ్బడం మొదలయ్యేది పుప్పొడి తగిలినందుకే, పిండం ఏర్పడినందుకు కాదు. చివరికి కాయ పగిలింది. లోపల పొడిలాంటి గింజలు నిండా ఉన్నాయి. మైక్రోస్కోప్ కింద చూస్తే అన్నీ పైపొరలే, మధ్యలో పిండం లేదు. అంతా పొల్లే. వాడిని పిలిచి మరీ చూపించాను. ఉబ్బిన కాయ ఫోటో పెట్టి 'సక్సెస్' అని రాసేవాళ్లను చూస్తే అందుకే ఒళ్లు మండుతుంది.

1856లో ఇంగ్లండ్ తోటమాలి జాన్ డొమినీ చేతితో కలిపిన కలాంథే ఆర్కిడ్ సంకరం పూసినప్పటి నుంచీ హైబ్రిడ్ల జాబితాల్లోకి ఎక్కేవి గెలిచినవే. పొల్లు పోయినవాటిని రాసేవాళ్లేరీ? ఆర్కిడ్లకు హద్దుల్లేవనే నమ్మకం అలాగే పుట్టింది.

హద్దులున్నాయి, కాకపోతే అన్నిటికీ ఒకేచోట ఉండవు. యూరప్‌లోని ఓఫ్రిస్ అనే ఆర్కిడ్ పువ్వు ఆడ తేనెటీగ వాసనతో మగదాన్ని రప్పిస్తుంది. ఒక్కో జాతికి వచ్చే తేనెటీగ వేరు కాబట్టి పుప్పొడి పక్క జాతికి చేరడమే అరుదు. చేత్తో చేరిస్తే చాలావాటికి మంచి గింజలే వస్తాయి. ఆర్కిస్ అనే మరో రకం ఆర్కిడ్ జాతులు అలా కాదు. తేనె లేకపోయినా ఉన్నట్టు మోసం చేస్తాయి, రకరకాల పురుగులు వచ్చి పుప్పొడి కలగాపులగం చేస్తాయి. అక్కడ అడ్డు లోపల పడుతుంది: పిండం నిలవదు, లేదా పుట్టిన మొక్కకు గింజ పట్టదు.

అలాగని సంకరం పుడితే జాతులు చెరిగిపోతాయని భయపడక్కర్లేదు. డాక్టిలోరైజా అనే ఆర్కిడ్లలో ఫుక్సీ, ఇన్‌కార్నాటా జాతులు రెండిటికీ 40 క్రోమోజోములు. ఆ వంశాలు కలిసి, క్రోమోజోములు రెట్టింపై, 80 ఉన్న మజాలిస్ కొత్త జాతిగా నిలబడింది.

మీరు కలిపి చూసేటట్టయితే ఏది తల్లో, ఏది తండ్రో చీటీ రాసి కాడకు కట్టండి. కొన్ని జంటల్లో తల్లిని తండ్రిని తారుమారు చేస్తే ఫలితమే మారిపోతుంది.