టెక్ సందేహాలు: ఆర్డర్ ఒకటే, పార్సిళ్లు మూడు!

సందేహం: పాత కంప్యూటర్‌ను కాస్త వేగంగా పనిచేయించుకుందామని ఎస్‌ఎస్‌డీ (డేటా దాచే వేగవంతమైన డ్రైవ్), ర్యామ్, ఎస్‌ఎస్‌డీ బిగించే బ్రాకెట్, దాన్ని కంప్యూటర్‌కు కలిపే సాటా కేబుల్ ఒకేసారి ఆర్డర్ పెట్టాను. నాలుగింటికీ ‘ఇన్ స్టాక్’ అనే ఉంది. తీరా చూస్తే మూడు పార్సిళ్లుగా వచ్చాయి. అన్నిటికన్నా చివర వచ్చింది కేబుల్. అది లేక మిగతావన్నీ పక్కన పెట్టుకుని కూర్చున్నాను. డబ్బు కట్టకముందే ఈ సంగతి తెలుసుకునే దారి ఉందా?

జవాబు: చాలావరకు ఉంది. ‘ఇన్ స్టాక్’ అంటే ఆ వస్తువు ఎక్కడో ఒక గోడౌన్‌లో ఉందని మాత్రమే అర్థం. మీరు కొన్న నాలుగూ ఒకే గోడౌన్‌లో ఉన్నాయని ఆ మాట చెప్పదు. ఏ వస్తువును ఎక్కడి నుంచి పంపాలో దుకాణం సాఫ్ట్‌వేర్ మీ అడ్రస్‌ను బట్టి లెక్కేస్తుంది. అందుకే సైట్ తెరవగానే లాగిన్ అయి, డెలివరీ అడ్రస్ సరిగ్గా ఉందో లేదో చూసుకోండి. పాత అడ్రస్ అలాగే ఉండిపోతే అక్కడ కనిపించే స్టాక్, తేదీలు మీకు పనికిరావు.

తర్వాత డబ్బు కట్టే ముందు వచ్చే చివరి పేజీకి, అంటే చెకౌట్ పేజీకి వెళ్లండి. ‘ప్లేస్ ఆర్డర్’ బటన్ నొక్కనంతవరకు ఆ పేజీ చూసినందుకు పైసా ఖర్చు లేదు. ఒక్కో వస్తువు పక్కన డెలివరీ తేదీ విడివిడిగా చూపిస్తుంది. నాలుగు తేదీలూ ఒకటైతే అన్నీ ఒకే పెట్టెలో వస్తాయని గ్యారంటీ లేదు కానీ, కనీసం ఒకే రోజుకు చేరే అవకాశం ఎక్కువ. ఒక్కదాని తేదీ వేరుగా ఉంటే మాత్రం అది విడిగా బయలుదేరుతుందనే అనుకోండి. ప్రొడక్ట్ పేజీలో పెద్ద అక్షరాల్లో కనిపించే ‘స్టాక్ ఉంది’ అనే మాట కన్నా ఈ తేదీనే నేను ఎక్కువగా నమ్ముతాను. గోడౌన్, దూరం, కొరియర్ అన్నీ లెక్కలోకి తీసుకున్నాకే అది వస్తుంది.

అదే పేజీలో సెల్లర్ పేరు కూడా చూడండి. పెద్ద సైట్లలో ఒకే కార్ట్‌లో నలుగురు వేర్వేరు అమ్మకందార్ల సరుకు ఉండొచ్చు. ఎవరి సరుకు వాళ్లే పంపుకుంటే పార్సిళ్లు విడిపోక తప్పదు. ఇలాంటప్పుడు ఖరీదైన ఎస్‌ఎస్‌డీని మార్చే పని పెట్టుకోకండి. కేబుల్, బ్రాకెట్ లాంటి చిన్నవాటిని ఎస్‌ఎస్‌డీ అమ్మే సెల్లర్ దగ్గరే వెతకండి. కొంచెం ధర ఎక్కువైనా తరచూ అదే లాభం.

స్టాక్ లెక్క రంగుకీ కెపాసిటీకీ వేర్వేరుగా ఉంటుందని కూడా గుర్తుంచుకోండి. 500 జీబీ ఉన్నంత మాత్రాన 1 టీబీ ఉన్నట్టు కాదు. ఆప్షన్ మార్చిన ప్రతిసారీ తేదీ మళ్లీ చూడాలి.

బ్యాటరీలది వేరే కథ. 2016 ఏప్రిల్ నుంచి లిథియం అయాన్ బ్యాటరీలను విడిగా, ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం నిషేధం. ఇది అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పెట్టిన నియమం. పవర్ బ్యాంకులూ ఆ లెక్కలోకే వస్తాయి. కాబట్టి కార్ట్‌లో పవర్ బ్యాంకో, విడి బ్యాటరీయో ఉంటే, అన్నీ స్టాక్‌లో ఉన్నా అది రోడ్డు దారిలో నెమ్మదిగా రావొచ్చు.

మీ ఉత్తరంలో లేని ఇంకో చిక్కు ఉంది, నాకు అసలు టెన్షన్ దానితోనే. చాలాచోట్ల రిటర్న్ గడువు ఆ వస్తువు చేతికందిన రోజు నుంచే మొదలవుతుంది. ఎస్‌ఎస్‌డీ ముందు వచ్చి, కేబుల్ ఆలస్యమైతే, పరీక్షించి చూడకుండానే ఎస్‌ఎస్‌డీ గడువు కరిగిపోతుంది. అందుకని ఏది లేకపోతే పని మొదలే కాదో దాని తేదీ ముందు చూడండి. అది ఆలస్యమయ్యేలా ఉంటే దాన్ని ఒక్కదాన్నే ముందు ఆర్డర్ పెట్టి, బయలుదేరిందని మెసేజ్ వచ్చాక మిగతావి తెప్పించుకోండి. కొన్ని సైట్లలో ‘అన్నీ కలిపి పంపండి’ అనే ఆప్షన్ చెకౌట్‌లో ఎక్కడో కింద ఉంటుంది. దాన్ని అంత లోపల దాచడం కొనేవాళ్లకు అన్యాయం, పైనే పెట్టాలి. కనిపిస్తే మాత్రం తప్పకుండా ఎంచుకోండి.

సందేహం: కార్ట్‌లో వేస్తే ఆ వస్తువు మన కోసం పక్కన పెట్టినట్టేనా?

జవాబు: ఎక్కువ సైట్లలో కాదు. ఆర్డర్ ఖాయమైనప్పుడో, పేమెంట్ మొదలైనప్పుడో మాత్రమే స్టాక్ తగ్గిస్తారు. టికెట్ల సైట్లలా కొన్ని నిమిషాలు ఆపి ఉంచేవి కొన్నే. పైగా పేజీ త్వరగా తెరుచుకోవాలని స్టాక్ సంఖ్యను కాసేపు నిల్వ చేసి చూపిస్తుంటారు, కాబట్టి అది కొంచెం పాతదై ఉండొచ్చు. రాత్రి కార్ట్‌లో వేసి పొద్దున కొంటుంటే పేజీని రిఫ్రెష్ చేసి తేదీలు మళ్లీ చూడండి.

ఇంకా లోతుగా చూడాలంటే కంప్యూటర్‌లో ప్రొడక్ట్ పేజీ మీద రైట్ క్లిక్ చేసి ‘వ్యూ పేజ్ సోర్స్’ తెరవండి. కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కి ఇంగ్లిష్‌లో ‘అవైలబిలిటీ’ (availability) అని వెతకండి. సెర్చ్ ఇంజిన్ల కోసం రాసిపెట్టే స్కీమా డాట్ ఆర్గ్ కోడ్ చాలా దుకాణాల పేజీల్లో ఉంటుంది. అందులో ఇన్‌స్టాక్, ప్రీఆర్డర్, బ్యాక్ఆర్డర్ లాంటి మాటలు కనిపిస్తాయి. బ్యాక్ఆర్డర్ అని ఉంటే సరుకు ఇంకా దుకాణానికే చేరలేదన్నమాట. మీ అడ్రస్‌కు ఎప్పుడు వస్తుందో ఈ కోడ్ చెప్పదు, దానికి చెకౌట్ పేజీయే దిక్కు.

సందేహం: ఒకే ఆర్డర్‌కు కార్డు నుంచి రెండుసార్లు డబ్బు పోయింది. మోసమా?

జవాబు: ముందు ఆ రెండు మొత్తాలనూ కూడి చూడండి. ఆర్డర్ మొత్తానికి సరిపోతే కంగారు అక్కర్లేదు. కొన్ని దుకాణాలు ఏ పార్సిల్ బయలుదేరితే దాని డబ్బే అప్పుడు తీసుకుంటాయి. పూర్తి మొత్తం రెండుసార్లు కనిపిస్తే ఒకటి తాత్కాలికంగా ఆపి ఉంచినది కావొచ్చు, బ్యాంకు యాప్‌లో అది ‘పెండింగ్’ అని ఉంటుంది. రెండూ పూర్తయినట్టు చూపిస్తే మాత్రం ఆర్డర్ నంబర్‌తో దుకాణానికీ, బ్యాంకుకూ వెంటనే రాయండి. ఆలస్యమైన వస్తువును క్యాన్సిల్ చేసే ఆలోచన ఉంటే, మిగిలిన మొత్తం ఉచిత డెలివరీ పరిమితి కన్నా తగ్గుతుందేమో, కూపన్ పోతుందేమో చూసుకున్నాకే ఆ బటన్ నొక్కండి.