కొత్త దారి, కొత్త దూరం ఒకే రోజు పెట్టుకోకండి

ప్రశ్న: మూడు నెలల్లో కొండ పరుగు పోటీ ఉంది. 25 కిలోమీటర్లు, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు 1,500 మీటర్లు. రోడ్డు మీద 10 కిలోమీటర్లు గంటలోపే పరిగెడతాను. ప్రాక్టీసు కోసం ఒక యాప్‌లో ఎవరో పెట్టిన జీపీఎస్ ట్రాక్ డౌన్‌లోడ్ చేసుకున్నాను. కొండ మీదుగా చుట్టి వచ్చే 18 కిలోమీటర్ల దారి, ఎక్కేది 1,200 మీటర్లు. రెండు గంటల్లో అయిపోతుందనుకుని పోయిన ఆదివారం మధ్యాహ్నం ఒంటరిగా బయల్దేరాను. దారి రెండుగా చీలిన చోట తప్పు వైపు వెళ్లి, తిరిగి కిందికి చేరేసరికి బాగా చీకటి పడింది, ఫోన్లో చార్జింగ్ కూడా అయిపోయింది. ఇక వెళ్లొద్దని ఇంట్లో గొడవ. పోటీ మానుకోవాలని లేదు. దారి ఎలా ఎంచుకోవాలి?

జవాబు: ఇంట్లోవాళ్ల కోపంలో న్యాయం ఉంది, ముందు అది ఒప్పేసుకోండి. దారి తప్పడం ఎవరికైనా జరుగుతుంది, దానికి నేను మిమ్మల్ని ఏమీ అనను. కానీ ఎప్పుడూ చూడని దారి, ఎప్పుడూ ఎక్కనంత ఎత్తు, పైగా మధ్యాహ్నం బయల్దేరడం, పక్కన మనిషి లేకపోవడం, ఇవన్నీ ఒకే రోజుకు కుదిర్చారు చూడండి, అక్కడ వచ్చింది చిక్కు. కొత్త దారి చూడాలనిపిస్తే ఆ రోజు నడిచి చూడండి. కాళ్లకు గట్టి పని పెట్టే రోజు మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలిగే దారిలోనే ఉండండి.

నిజానికి మీ శిక్షణకు ఆ 18 కిలోమీటర్ల చుట్టు అవసరమే లేదు. రోడ్డుకు దగ్గర్లో 300 మీటర్ల ఎత్తున్న కొండ ఒకటి దొరికితే, అయిదుసార్లు ఎక్కి దిగితే పోటీలో ఉన్న 1,500 మీటర్లూ అయిపోతాయి. మొదటి వారమే అయిదుసార్లు కాదు లెండి, రెండుతో మొదలుపెట్టండి. బోరు కొడుతుంది, ఒప్పుకుంటాను. కానీ ప్రతిసారీ కిందికి వచ్చినప్పుడు నీళ్లు తాగొచ్చు, ఒళ్లు బాగోలేకపోతే ఇంటికి వెళ్లిపోవచ్చు. రోడ్డు మీద పరిగెత్తేవాళ్లకు అసలు దెబ్బ దిగేటప్పుడే తగులుతుంది. తొడ కండరాలు సాగుతూనే బరువు ఆపాల్సి రావడంతో ఆ నొప్పి ఒకటి రెండు రోజుల తర్వాత మెట్లు దిగుతుంటే తెలుస్తుంది. దానికి అలవాటు పడాలంటే ఇలా తెలిసిన వాలు మీద పదేపదే దిగడమే మంచిది.

ఇక మీ రెండు గంటల లెక్క. రోడ్డు వేగంతో కొండను కొలవకూడదు. 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు, ఇప్పటికీ వాడుతున్నారు. గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కే ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. మీ దారికి వేస్తే అయిదున్నర గంటలు దాటుతుంది. అది నడిచేవాళ్లకు కదా అంటారేమో. మడమ మెలికపడిన క్షణం నుంచి మీరూ నడిచేవాళ్లే, అదీ కుంటుకుంటూ. అందుకే ఆ అయిదున్నర గంటల మీద ఇంకో గంటో రెండు గంటలో కలిపినా వెలుతురు మిగిలేలా ఉంటేనే వెళ్లండి. ఏ టైముకు ఎక్కడున్నా వెనక్కి తిరగాలో ముందే రాసుకుని, దారితో పాటు ఆ టైము కూడా ఇంట్లో చెప్పి వెళ్లండి, సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

యాప్‌లోని ట్రాక్ చూపేది ఎవరో ఒకరు ఒక రోజు అక్కడ నడిచారని మాత్రమే. అతను రాళ్లు పట్టుకుని ఎక్కడంలో ఆరితేరినవాడో, అప్పుడు వాగులో నీళ్లున్నాయో లేదో ఆ గీత చెప్పదు. ఎత్తులు చూపే మ్యాప్ మీద దాన్ని పెట్టి చూడండి. అందులో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే కాంటూర్ గీతలు ఒకదానికొకటి అంటుకున్నట్టు కనిపిస్తే అక్కడ వాలు బాగా నిటారుగా ఉంటుంది. ఆ తర్వాత మధ్యలోంచి బయటపడే దారులు వెతకండి. ప్రతి నాలుగైదు కిలోమీటర్లకు రోడ్డుకో ఊరికో దిగే బాట లేకపోతే ఒంటరిగా అటు పోవద్దని నా మాట. దారి తప్పితే తెలిసిన చోటు దాకా వచ్చిన దారినే వెనక్కి రండి. వాగు పట్టుకుని దిగితే ఊరు వస్తుందనుకుంటారు చాలామంది, దానికంటే ముందు జలపాతం రావచ్చు.

ఎత్తుకు వెళ్లేకొద్దీ చల్లబడుతుంది, సగటున ప్రతి 1,000 మీటర్లకు 6.5 డిగ్రీలు. చెమటతో తడిసిన ఒంటికి గాలి తోడైతే ఇంకా ఘోరం. 2021 మే 22న చైనాలోని గాన్సులో జరిగిన 100 కిలోమీటర్ల పోటీలో ఉన్నట్టుండి చలిగాలి, వాన వచ్చి 21 మంది చనిపోయారు. వాళ్లలో ఆరితేరిన పరుగువీరులు ఉన్నారు. చిక్కుకున్నది వాహనాలు వెళ్లలేని ఎక్కుడు దారిలో, చాలామంది ఒంటి మీద పల్చటి బట్టలే. ఒక గొర్రెల కాపరి కొందరిని గుహలోకి తీసుకెళ్లి నిప్పు రాజేయబట్టి ఆరుగురు బతికారు. కాబట్టి గాలి తగలకుండా తలదాచుకునే చోటు దారిలో ఎక్కడుందో చూసుకోండి. వాన ఆపే జాకెట్, ఒంటికి చుట్టుకునే రేకు దుప్పటి, హెడ్‌ల్యాంప్, పవర్ బ్యాంక్ అన్నీ కలిపినా కిలో ఉండవు.

ప్రశ్న: కొండ పైన ఉండగా ఉరుములు మొదలైతే?

జవాబు: మెరుపుకీ ఉరుముకీ మధ్య సెకన్లు లెక్కపెట్టండి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 లోపు వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపలే ఉంది, శిఖరం ఎంత దగ్గరున్నా వదిలేసి దిగిపోండి. ఒంటరి చెట్టు కింద నిలబడొద్దు. చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే మళ్లీ పైకి.

ప్రశ్న: కొండకు వెళ్లేటప్పుడు విజిల్ పట్టుకెళ్లమంటారు, ఫోన్ ఉండగా అదెందుకండీ?

జవాబు: పై ప్రశ్న రాసినవారిని అడగండి, చార్జింగ్ సంగతి చెబుతారు. ఆపదలో సాయం కోసం పిలవాలంటే విజిల్ నిమిషంలో ఆరుసార్లు ఊదాలి, నిమిషం ఆగి మళ్లీ ఆరు. అటు నుంచి మూడుసార్లు వినిపిస్తే మీ పిలుపు అందినట్టే, అయినా వాళ్లు కనిపించేదాకా ఊదుతూనే ఉండండి.