పాయింట్లు సరే, దసరాకి గది దొరుకుతుందా?

ప్రశ్న: మాది బరంపురం. మావారూ నేనూ ఇద్దరం టీచర్లం, ఇద్దరు పిల్లలు. మొన్న విశాఖ వెళ్లినప్పుడు మాల్‌లో నింపిన కూపన్‌కి బహుమతి తగిలిందని పిలిచి, ఓ హోటల్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. హాలిడే సభ్యత్వం 25 ఏళ్లకు 3,60,000 రూపాయలు, జీఎస్టీ అదనం. ఏటా 8,000 పాయింట్లు ఇస్తారట. వార్షిక రుసుము 15,000, దానికీ జీఎస్టీ ఉంది. అరకు, పూరీ, గోవా ఎక్కడికైనా వెళ్లొచ్చన్నారు. మాకు తిరగడానికి వీలయ్యేది దసరా సెలవుల్లో, డిసెంబరు ఆఖర్లో. తీసుకోమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ ఉత్తరంలో చివరి మాటకు ముందున్న వాక్యమే దానికి కారణం. అయినా ముందు డబ్బు లెక్క చూడండి.

3,60,000 మీద 18 శాతం జీఎస్టీ 64,800. మొత్తం 4,24,800. ఇదే సొమ్ము 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 29,736 వడ్డీ వస్తుంది. వార్షిక రుసుము జీఎస్టీతో 17,700. రెండూ కలిపి 47,436. ఏడాదిలో ఏడు రాత్రులు గడిపితే రాత్రికి సుమారు 6,780 పడినట్టు. నాలుగు రాత్రులే కుదిరితే 11,859. తిండి, ప్రయాణం వేరే. బ్యాంకులో వేస్తే అసలు మిగులుతుంది, ఇక్కడ మిగలదు. ఆ నష్టం ఈ లెక్కలో కలపనేలేదు. పైగా వార్షిక రుసుము ఉన్నచోట ఉండదు. ఏటా 6 శాతం చొప్పున పెరిగినా 12 ఏళ్లకు రెట్టింపవుతుంది. మీరు ఆ ఏడు ఇల్లు కదలకపోయినా కట్టాల్సిందే. కట్టకపోతే బుకింగ్ ఆపేస్తారు.

ఇక 8,000 పాయింట్లంటే ఎన్ని రాత్రులు? ఏ గదికి ఏ రోజున ఎన్ని పాయింట్లో చెప్పే పట్టిక చేతిలో లేకుండా ఎవరూ చెప్పలేరు. వానాకాలం మంగళవారం నాడు స్టూడియోకి, అంటే విడిగా బెడ్‌రూమ్ లేని ఒంటి గదికి, 600 పాయింట్లనుకుందాం, 13 రాత్రులు వస్తాయి. సేల్స్ కుర్రాడు చూపించేది ఈ గడే. అదే గదికి దసరా శనివారం 1,600 అయితే అయిదు రాత్రులు. మీరు నలుగురు, స్టూడియో ఇరుకు. ఒక బెడ్‌రూమ్ యూనిట్‌కి 2,000 అనుకుంటే నాలుగే. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ పట్టికలో ఎంతున్నాయో అడిగి, కాగితం మీద తీసుకోండి. ‘పాయింట్ల పట్టికను కంపెనీ ఎప్పటికప్పుడు మార్చవచ్చు’ అనే షరతు ఉందేమో చూడండి. అది ఉంటే ఈరోజు నాలుగు రాత్రులు రేపు మూడవుతాయి.

పాయింట్లుంటే గది ఉన్నట్టు కాదు. దీనికో పరీక్ష ఉంది. బ్రోషర్ పక్కన పెట్టించి, సభ్యుల యాప్ తెరవమనండి. రాబోయే దసరా వారం, నలుగురు, ముందు అరకు, తర్వాత పూరీ అని మీ ఎదుటే వెతకమనండి. సర్వర్ పనిచేయట్లేదంటే అదే మీకు సమాధానం. పూజా సెలవుల్లో బెంగాల్ నుంచి వచ్చే జనంతో పూరీ, అరకు రెండూ కిక్కిరిసి ఉంటాయి. అక్కడున్నది కంపెనీ సొంత రిసార్టా, ఏదో హోటల్లో ఒప్పందం మీద తీసుకున్న నాలుగు గదులా అన్నదీ అడగండి. విదేశాలంటారా, అది ఒక రిసార్ట్ బసకు బదులు మరో రిసార్ట్‌లో బస ఇప్పించే ఆర్‌సీఐ లాంటి మార్పిడి సంస్థ ద్వారా. మార్చుకున్న ప్రతిసారీ దానికి వేరే రుసుముంటుంది.

గోపాల్‌పూర్ మీకు 16 కిలోమీటర్లే, సాయంత్రం వెళ్లి రాత్రి భోజనానికి ఇంటికి రావచ్చు. రంభ, బర్కుల్, పూరీల్లో ఒడిశా టూరిజం వాళ్ల పంథనివాస్‌లున్నాయి. అరకులో ఆంధ్రా టూరిజం గదులున్నాయి. ముందుగా బుక్ చేసుకుంటే వెళ్లిన ఏడాదే డబ్బు, వెళ్లని ఏడాది లేదు.

ఈ సభ్యత్వం ఎవరికీ పనికిరాదని అనం. రిటైరైన దంపతులు, సీజన్ కాని రోజుల్లో, వారం మధ్యలో, మూడు నెలల ముందే ఖాయం చేసుకుని ఏటా 12, 15 రాత్రులు గడిపేవాళ్లయితే గిట్టుబాటు కావచ్చు. బడి గంటకు కట్టుబడినవాళ్లకు కాదు.

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను. ఆరు రోజుల కింద ఇలాంటి దానికే సంతకం పెట్టాను. 50,000 కార్డు మీద కట్టాను, మిగతాది ఈఎంఐ. ఇప్పుడు వద్దంటే డబ్బు తిరిగి రాదంటున్నారు.

జవాబు: ఇవాళే ఒప్పందం తీసి రద్దు గడువు ఎన్ని రోజులో, ఏ తేదీ నుంచి లెక్కో చూడండి. టైమ్‌షేర్ అని పిలిచే ఇలాంటి హాలిడే సభ్యత్వాలకు మన దేశంలో ప్రత్యేక చట్టం లేదు, కాబట్టి ఆ కాగితంలో రాసిందే ముందుగా మీకు ఆధారం. గడువు మిగిలి ఉంటే ఈ రాత్రికే ఈమెయిల్ పెట్టండి, రేపు అదే ఉత్తరం స్పీడ్ పోస్ట్‌లో పంపండి. దరఖాస్తు నంబరు, తేదీ, కట్టిన మొత్తం, సభ్యత్వం రద్దు చేసి డబ్బు తిరిగివ్వమన్న మాట ఉంటే చాలు. ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. ‘మా మేనేజర్ మాట్లాడతారు’ అంటూ చేసే కాల్స్ చాలావరకు రోజులు గడిపేందుకే. వాళ్లిచ్చిన బహుమతి వోచర్ వాడకండి, వాడితే సేవలు మొదలయ్యాయని కోత పెడతారు.

లోన్ వేరే ఒప్పందం. సభ్యత్వం రద్దయినంత మాత్రాన అది ఆగదు. అప్పిచ్చిన సంస్థకూ విడిగా రాయండి. బ్యాంకులో ఆటో డెబిట్ మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి. బౌన్స్ చార్జీలు పడతాయి, సిబిల్ స్కోరూ పోతుంది.

డబ్బివ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే చెప్పుకోవచ్చు. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. కొన్నది విశాఖలో అయినా, ముంబై కోర్టులే అని కాగితంలో రాసినా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు.

ప్రశ్న: రాయగడ. మా పాత సభ్యత్వానికి 5 లక్షలిచ్చే బేరగాడు ఉన్నాడని ఫోన్ వచ్చింది. ముందు 18,000 జీఎస్టీ పంపమంటున్నారు.

జవాబు: పంపకండి. పాత సభ్యత్వం కొన్న ధరకు పోవడమే గగనం, అలాంటిది లాభానికి ఎగరేసుకుపోయేవాడు మీ నంబరు వెతుక్కుంటూ వచ్చాడంటే నమ్మేదెలా? ఆ 18,000 అమ్మకం సొమ్ములోంచే మినహాయించుకోమనండి, ఫోన్ పెట్టేస్తారు. నిజంగా అమ్మదలిస్తే బదిలీ పద్ధతి, రుసుము మీ కంపెనీనే రాతపూర్వకంగా అడగండి. ఇప్పటికే పంపేసి ఉంటే ఈ పేజీ పక్కన పెట్టి ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.