శిల్పారామంలో ఒగ్గు కథ విన్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం చదివాను. సంక్రాంతి సెలవుల్లో ఇంటిల్లిపాదీ మాదాపూర్ శిల్పారామానికి వెళ్లి, పొద్దుపోయేదాకా హరిదాసునీ గంగిరెద్దులనీ డప్పు దరువునీ, డోలూ తాళాలతో పాడుతూ ఆడుతూ చెప్పే ఒగ్గు కథనీ చూసొచ్చిన సంగతి రాశావు. నీకు మాట పట్టు ఉంది. వినే చెవి కూడా ఉంది. అందుకే మొహమాటం లేకుండా చెబుతున్నాను, మొదటి పేజీ మొత్తం తీసెయ్యి.

ఆ పేజీ నిండా ఘనమైన సంస్కృతి, అంతరించిపోతున్న కళలు, మూలాలు మరిచిన నగరం. ఇవన్నీ ఇంట్లో కూర్చుని కూడా రాసుకోవచ్చు. టికెట్ కొని, ట్రాఫిక్‌లో నలిగి, పిల్లాణ్ని భుజాన వేసుకుని అంత దూరం వెళ్లావు కదా. అక్కడ ఉన్నవాళ్లకే తెలిసేదేదో అది రాయి.

అలాంటిది నీ దగ్గర ఉంది, రెండో పేజీ మధ్యలో. మీ బుజ్జిగాడు ఇచ్చింది అందుకోవడానికి హరిదాసు మోకాళ్ల మీద వంగాడని, నెత్తిమీది అక్షయపాత్ర మాత్రం కదల్లేదని రాశావు. వాడి దోసిట్లో బియ్యం లేవు, అమ్మ పర్సులోంచి తీసిచ్చిన పది రూపాయల నోటుంది. ఒక చేత్తో తంబూర, ఇంకో చేత్తో చిడతలు, మెడ నిటారుగా పెట్టి ఆ మనిషి కిందికి దిగడం నాకు కళ్లకు కట్టింది. వ్యాసం అక్కడినుంచి మొదలుపెట్టు. దాని వెనకాల నువ్వు చేర్చిన 'ఎంత గొప్ప సంప్రదాయమో కదా' అన్న వాక్యం మాత్రం కొట్టెయ్యి. గొప్పతనం ఆ వంగడంలోనే వచ్చేసింది.

డప్పు దగ్గర తొందరపడ్డావు. 'డప్పులు మార్మోగాయి' అని ఒక్క వాక్యంలో దాటేశావు. వాయించే ముందు ఏం చేశారో చూశావా? మేకతోలు డప్పయితే మంట మీద కాచాలి. వేడికి తోలు బిగిస్తేనే మోత ఖంగున పలుకుతుంది. చల్లబడితే మళ్లీ కాచాలి. ఈ మధ్య ఫైబర్ డప్పులు వచ్చాయి, వాటికి మంటతో పనిలేదు. నువ్వు విన్నది ఏ డప్పు? కుడిచేతిలో పొట్టిగా, లావుగా ఉండేది చిర్ర, ఎడమచేతిలో సన్నగా, పొడుగ్గా ఉండేది సిటికెన పుల్ల. దరువు మారినప్పుడల్లా ఆ రెండిటి పనీ మారుతుంది. అడుగు కూడా మారుతుంది. స్టేజీ వెనక్కి వెళ్లి అడిగితే వాళ్లు సంతోషంగా చూపిస్తారు. అడగడం మన పని. మొహమాటపడితే వ్యాసం పైపైనే ఉండిపోతుంది.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒగ్గు కథ అయిపోయాక మీ నాయినమ్మ అన్న మాట ఒకటి చివర్లో ఎక్కడో పడేశావు. "కేతమ్మ పెండ్లి కాకుండనే కథ అయిపాయెనా?" అందట. అమ్మాయీ, నీ వ్యాసానికి ప్రాణం ఈ మాట. నువ్వేమో అది ముసలామె అమాయకత్వం అన్నట్టు రాశావు. కానీ అక్కడ కథ తెలిసిన మనిషి ఆవిడొక్కతే. ఒగ్గువాళ్లు చెప్పే మల్లన్న దేవుడి కథంటే బలిజ మేడలమ్మతో పెళ్లీ, గొల్ల కేతమ్మతో పెళ్లీ రెండూ ఉండాలి. ఊళ్లో గొర్రెలు కాసే కురుమల ఇళ్ల ముందు పట్నం, అంటే రంగుల ముగ్గు, వేసి డోలూ తాళాలూ పెట్టుకుని రాత్రుళ్లకు రాత్రుళ్లు చెప్పే కథ అది. పండగ వేదిక మీద దానికి దొరికింది కాసేపే. ఆ కాసేపట్లోనే కథకుడు కండువా నెత్తిన కప్పుకుని మేడలమ్మయ్యాడు, తీసేసి మళ్లీ మల్లన్నయ్యాడు. మీ పిల్లాడు నోరు తెరుచుకుని చూశాడు. మీ నాయినమ్మకు మాత్రం తెగిపోయిన చోటు తెలిసింది. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరికీ మధ్య ఎంత దూరం ఉందో అది రాయి.

వేదిక వల్ల కళ పాడైందని మాత్రం తీర్పు ఇవ్వకు. ఒగ్గు కథ ఊరు దాటి నలుగురికీ తెలిసిందంటే జనగామ ప్రాంతపు చుక్క సత్తయ్య గారిలాంటి వాళ్లు దాన్ని వేదికలెక్కించబట్టే. ఆయన 2017లో పోయారు. వేదిక ఇచ్చిందేమిటో, తెంచిందేమిటో రెండూ చూపించు చాలు.

'కళాకారులను ఆదరించాలి' అని పిలుపు కూడా ఇచ్చావు. దానికి బదులు ఆ ఒగ్గు కథకుణ్ని అడగాల్సింది: ఏ ఊరు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, పండగ కాని రోజుల్లో ఏం చేస్తారు, కొడుకు నేర్చుకుంటున్నాడా అని. 12 మెట్ల కిన్నెర అనే తీగల వాద్యం వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపని చేస్తూ కనిపించారని పత్రికలు రాశాయి. ఈ రెండు వాక్యాలు పక్కపక్కన పెడితే ఇంకే పిలుపూ అక్కర్లేదు.

మిర్చిబజ్జీలూ పిల్లాడి ఏడుపూ పార్కింగ్ గొడవా ఉండనీ, పండగ రోజంటే అవీ ఉంటాయి. కాకపోతే ఒక్కో వాక్యం చాలు.

వీలైతే ఇంకో పని చెయ్యి. సంక్రాంతి తర్వాత వచ్చే మొదటి ఆదివారం కొమురవెల్లి మల్లన్న గుడి దగ్గర పట్నం వారం. పట్నం వాళ్లు, అంటే హైదరాబాద్ జనం, బండ్లు కట్టుకుని వెళ్లేది ఆరోజే. జాతర ఉగాది దాకా ఆదివారం ఆదివారం సాగుతుంది కాబట్టి ఆరోజు కుదరకపోయినా టెన్షన్ పడకు. నాయినమ్మను వెంటబెట్టుకుని వెళ్లు. అక్కడ పసుపూ కుంకుమా పచ్చరంగూ పోసి వేసే పట్నాలు చూడు, ఒగ్గు పూజారులు పాడుతుంటే పక్కన కూర్చుని విను. శిల్పారామంలో విన్నదాన్నే మళ్లీ వింటావు, కానీ అక్కడ మైకు కోసం ఎవరూ ఆగరు, టైమైందని ఎవరూ చెప్పరు. ఆ తేడా నీ చెవికి ఎలా తగిలిందో అదే తిరగరాసిన వ్యాసంలో నాకు కావాలి.

ఈలోగా కేతమ్మ పెళ్లి ఎలా జరిగిందో నాయినమ్మ చేత చెప్పించుకో. ఫోన్‌లో రికార్డు చెయ్యి, కానీ కాగితం మీదికి ఎక్కించేటప్పుడు ఆవిడ యాసను దిద్దకు. వ్యాసంతో పాటు అది కూడా పంపు.

ఉంటాను.