డాక్టర్ సలహా: పాపకి ఫిట్స్ తగ్గాయి, విశ్వాసం ఉంటే మందు ఆపేయమని ప్రేయర్ గ్రూపువాళ్ళు అంటున్నారు.. ఏం చెయ్యాలి?

ప్రశ్న: డాక్టర్ గారికి వందనాలు. మాది వైజాగ్, గాజువాక దగ్గర. మా పాపకి 8 ఏళ్ళు, మూడో తరగతి చదువుతోంది. పోయినేడు రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి, ఈఈజీ (మెదడు కరెంటు పరీక్ష) తీసి ఎపిలెప్సీ అని చెప్పి లెవెటిరాసెటమ్ అనే మందు రాశారు. పొద్దున, రాత్రి వేస్తున్నాం. 11 నెలలైంది, మళ్ళీ రాలేదు. ఇప్పుడు మా ప్రేయర్ గ్రూపులో పెద్దవాళ్ళు స్వస్థత అయిపోయింది, ఇంకా మందు వేస్తే దేవుణ్ణి నమ్మనట్టే అంటున్నారు. మా వారు ఆ మాట పట్టుకుని మూడు రోజుల నుంచి రాత్రి డోసు వెయ్యనివ్వట్లేదు. ఈ మధ్య పాప ఊరికే కోప్పడుతోంది, వస్తువులు విసిరేస్తోంది, మా అత్తగారేమో దీనికేదో పట్టింది అంటున్నారు. వచ్చే శుక్రవారం ఆల్ నైట్ ప్రేయర్‌లో పాపని ఉపవాసంతో కూర్చోబెట్టి ఆదివారం అందరి ముందు స్వస్థత అయ్యిందని సాక్ష్యం చెప్పిస్తారట. నాకు భయంగా ఉంది. నా భయమే అవిశ్వాసమేమో అని కూడా అనిపిస్తోంది. పేరు వెయ్యొద్దు. - ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఈ రోజు రాత్రి డోసు వేసెయ్యండి. మిగతాది తర్వాత చదువుకోవచ్చు. డాక్టర్ రాసిన డోసే వెయ్యండి, మానేసిన వాటికి కలిపి డబుల్ వెయ్యొద్దు. రేపు పొద్దున్నే పాపని చూస్తున్న డాక్టర్‌కి ఫోన్ చేసి, ఇన్ని డోసులు పోయాయని దాచకుండా చెప్పండి. తిడతారేమో అని చాలామంది చెప్పరు, అలా దాచినప్పుడే ఇబ్బంది ఎక్కువవుతుంది.

ఇంత కంగారుగా ఎందుకు చెప్తున్నానంటే ఫిట్స్ మందు జ్వరం మందులాంటిది కాదు, తగ్గింది కదా అని ఆపెయ్యడానికి. పాప మెదడులో కరెంటు ఒక్కసారిగా ఎగదన్నకుండా ఈ మందు రోజూ పట్టి ఉంచుతోంది, 11 నెలలు రాలేదంటే మందు పనిచేస్తోందని అర్థం, జబ్బు పోయిందా లేదా అన్నది దాన్నిబట్టి తేలదు. పిల్లల్లో మామూలుగా కనీసం రెండేళ్ళు ఒక్క ఫిట్ కూడా రాకుండా గడిచాకే మందు ఆపే ఆలోచన చేస్తాం, అప్పుడు కూడా ఒక్కరోజులో ఆపం, వారాలు నెలల మీద కొంచెం కొంచెం తగ్గిస్తాం. ఠక్కున ఆపితే ఒక్కోసారి ముందు వచ్చినదానికంటే పెద్ద ఫిట్ వస్తుంది, ఆగకుండా వస్తుంది, అది ప్రాణం మీదకి తెస్తుంది. మీకో మంచి మాట కూడా చెప్పాలి, మందు సరిగ్గా వాడితే ఎపిలెప్సీ ఉన్నవాళ్ళలో దాదాపు 70 శాతం మంది ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్తోంది. మీ పాప ప్రస్తుతం ఆ దారిలోనే ఉంది. చాలామంది పిల్లలకి పెద్దయ్యేసరికి మందు అవసరమే ఉండదు. ఆ రోజు రావాలనే మనందరం చూస్తున్నాం, కాకపోతే అది ఎప్పుడన్నది పాపని చూస్తున్న డాక్టర్ తేల్చాలి, కూటంలో తేల్చేది కాదు.

ఇక కోపం సంగతి. ఇది మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన విషయం, మీరేమో మధ్యలో ఒక్క లైనులో రాసి వదిలేశారు. లెవెటిరాసెటమ్‌కి బాగా తెలిసిన సైడ్ ఎఫెక్ట్ చిరాకు. కొందరు పిల్లలు ఉన్నట్టుండి మొండికేస్తారు, ఏడుస్తారు, కొడతారు, రాత్రి నిద్ర సరిగ్గా పట్టదు. మందు మొదలుపెట్టాకో డోసు పెంచాకో ఇది మొదలైందా అని ఒకసారి గుర్తు చేసుకోండి. పాపకి ఏదీ పట్టలేదమ్మా. డాక్టర్‌కి చెప్తే డోసు సర్దుతారు, కొందరికి విటమిన్ బి6 ఇచ్చి చూస్తారు, అవసరమైతే వేరే మందుకి మెల్లగా మారుస్తారు, దారులు ఉన్నాయి. మీ అత్తగారి మీద కోపం తెచ్చుకోకండి, ఆవిడ చూసిన మార్పు నిజమే, కారణం తెలియక అలా అన్నారు. కానీ ఆ మాట పాప చెవిన పడకూడదు. నాలో ఏదో చెడ్డది ఉంది అని 8 ఏళ్ళ పిల్ల నమ్మిందంటే ఫిట్స్ పోయాక కూడా ఆ భయం పోదు, నా దగ్గరికి వచ్చే కొందరు టీనేజ్ పిల్లల్లో ఇది చూస్తున్నాను, చాలా బాధగా ఉంటుంది.

నేను కూడా విశ్వాసినే, ఆదివారం మందిరానికి వెళ్ళేవాణ్ణే, కాబట్టి మీ వారు అడిగే ప్రశ్నల దగ్గరికి కూడా వస్తాను. డాక్టర్లు ఇలాంటివి మాకెందుకు అని తప్పుకుంటే మీలాంటి తల్లి ఎవర్ని అడుగుతుంది.

మందు వద్దనేవాళ్ళు మామూలుగా ఆసా రాజు కథ చెప్తారు, రెండో దినవృత్తాంతాలు 16వ అధ్యాయం. కాళ్ళకి జబ్బు చేస్తే ఆయన దేవుణ్ణి అడగకుండా వైద్యుల్నే నమ్ముకున్నాడని. అక్కడ తప్పు దేవుణ్ణి వదిలెయ్యడం, మీరు వదల్లేదు కదా, 11 నెలలుగా ప్రార్థన చేస్తూనే ఉన్నారు. దాని పక్కనే హిజ్కియా రాజు సంగతి కూడా చదవమనండి, యెషయా 38. నిన్ను బాగుచేస్తాను, ఇంకో 15 ఏళ్ళు ఇస్తాను అని దేవుడు మాట ఇచ్చేశాడు, అయినా ఆ మాట తెచ్చిన యెషయా ప్రవక్తే అంజూరపు పండ్ల ముద్ద తెచ్చి పుండు మీద కట్టమన్నాడు. మాట ఇచ్చిన దేవుడే మందు కూడా పెట్టించాడు. మందు కట్టించుకున్నందుకు హిజ్కియాకి విశ్వాసం లేదని ఎవరైనా అన్నారా? తిమోతికి కడుపు బాగోకపోతే కొంచెం ద్రాక్షరసం పుచ్చుకోమని పౌలు రాశాడు, లూకా అయితే స్వయంగా వైద్యుడు. మన దగ్గర మిషనరీలు వచ్చి ఏం చేశారు, మందిరాలు కట్టారు, ఆస్పత్రులూ కట్టారు. గుంటూరులో డాక్టర్ ఆనా కుగ్లర్ ఆస్పత్రి 1898లో తెరిచారు, వెల్లూరులో ఐడా స్కడర్ 1900లో ఒక్క మంచంతో మొదలుపెట్టిందే ఇవాళ్టి సీఎంసీ పెద్దాస్పత్రి. ఆ డాక్టర్లు ప్రార్థన చేశారు, మందూ ఇచ్చారు, ఒకటి చేస్తే ఇంకోటి తక్కువవుతుందని వాళ్ళు అనుకోలేదు.

సరిగ్గా మీ పాపలాంటి బాబు కథ మార్కు 9వ అధ్యాయంలో ఉంది. పడిపోవడం, నురగ కక్కడం, పళ్ళు కొరకడం, బిగుసుకుపోవడం అన్నీ అక్కడ రాసి ఉన్నాయి. ఈ రకం ప్రార్థన వల్లే పోతుందన్న మాట కూడా అక్కడిదే, మీ గ్రూపులో దాన్నే చెప్తుంటారనుకుంటాను. కానీ ఆ మాట యేసు ఎవరితో అన్నాడు? శిష్యులతో, అంటే పెద్దవాళ్ళతో. ఆ బాబుని ఉపవాసం ఉండమనలేదు, నీకు విశ్వాసం ఉందా అని వాణ్ణి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. తండ్రిని అడిగితే ఆయన ఏడుస్తూ నమ్ముతున్నాను, నా అపనమ్మకానికి సాయం చెయ్యి అన్నాడు, సగం నమ్మకం సగం భయం. ఆ సగం నమ్మకంతోనే బాబు బాగయ్యాడు. అందుకని అమ్మా, మీ భయం అవిశ్వాసమా అని అడిగారు చూడండి, ఆ తండ్రి ఎలా నిలబడ్డాడో మీరూ అలాగే నిలబడ్డారు, దాని గురించి రాత్రుళ్ళు నిద్ర పాడుచేసుకోకండి.

ఉపవాసం, ఆల్ నైట్ ప్రేయర్ రెండూ పాపకి వద్దు. ఇందులో నేను కొంచెం కూడా సర్దుకోను. ఫిట్స్ ఉన్న పిల్లలకి నిద్ర చెడడం పెద్ద ట్రిగ్గర్, రాత్రంతా మేలుకుని తెల్లారగట్ల నిద్రలోకి జారినప్పుడో లేచినప్పుడో ఫిట్ వచ్చే ప్రమాదం ఉంటుంది. దానికి తోడు ఖాళీ కడుపు, పైగా మన వైజాగ్ ఉక్కపోతలో జనంతో నిండిన హాలు, నీళ్ళు కూడా తాగకుండా, దాంట్లో మందు డోసు కూడా పోయిందంటే ఫిట్ తెప్పించడానికి కావలసినవన్నీ మనమే ఒకచోట చేర్చినట్టు. ఉపవాసం పెద్దవాళ్ళు మీరు ఉండండి, షుగర్ లాంటివి లేకపోతే. యాయీరు కూతుర్ని, 12 ఏళ్ళ పిల్లని, యేసు చావు నుంచి లేపాక ఆ ఇంట్లోవాళ్ళకి చెప్పిన మాట ఏంటి, పిల్లకి తినడానికి ఏమైనా పెట్టండి అని. నాకు ఆ వాక్యం చాలా ఇష్టం.

సాక్ష్యం చెప్పించాలంటే చెప్పించండి, నాకు అభ్యంతరం లేదు, కాకపోతే ఉన్నది ఉన్నట్టు చెప్పించండి. 11 నెలలు నాకు ఫిట్స్ రాకుండా దేవుడు కాపాడాడు, నేను రోజూ మందు వేసుకుంటున్నాను, మా డాక్టర్ కోసం కూడా ప్రార్థన చెయ్యండి అని పాప చెప్పిందనుకోండి, అదే మంచి సాక్ష్యం. మందు సంగతి దాచి చెప్పిస్తే దేవుడి ఎదుట అబద్ధం ఆడొచ్చని మందిరంలో నిలబెట్టి మరీ నేర్పినట్టే కదా. అదీగాక రేపు ఏ కారణం వల్లో ఒక ఫిట్ వస్తే, అందరి ముందు చెప్పాను, నేనే ఏదో తప్పు చేశాను కాబోలు అని ఆ పసిదానికి అనిపిస్తుంది. ఎఫెసీ పత్రిక 6వ అధ్యాయంలో తండ్రులకి చెప్పింది పిల్లలకి కోపం రేపకుండా ప్రభువు బోధలో పెంచమని. పిల్ల మోయలేని బరువు పిల్ల మీద పెట్టడం ఆ బోధ కాదు.

మీ వారితో గొడవపడకండి, గొడవలో ఆయన ఇంకా బిగుసుకుంటారు. ఆయనకీ పాప మీద ప్రేమే, 11 నెలలుగా ఆయనా భయంతోనే ఉన్నారు, జబ్బు పోయిందని ఎవరైనా గట్టిగా చెప్తే నమ్మాలనిపిస్తుంది ఏ తండ్రికైనా. డాక్టర్ దగ్గరికి ఈసారి ఆయన్ని తప్పకుండా తీసుకెళ్ళండి, మందు ఎప్పుడు ఆపొచ్చని ఆయన నోటితోనే అడిగించండి, ఈఈజీ ఆయనకే చూపించమనండి. ఆ తర్వాత ఇద్దరూ కలిసి మీ పాస్టర్ గారి దగ్గరికి వెళ్ళండి, గ్రూపులో పెద్దలతో కాకుండా సూటిగా ఆయనతోనే మాట్లాడండి. నాకు తెలిసిన పాస్టర్లలో చాలామంది మందు ఆపమని అనరు, వాళ్ళ ఇళ్ళల్లో పిల్లలకీ టీకాలు వేయిస్తారు, బీపీ మాత్రలు వాళ్ళూ వేసుకుంటారు. ఆయన ఒక్క మాట చెప్తే గ్రూపు సర్దుకుంటుంది. ఎవరైనా సరే మందు మానేస్తేనే ప్రార్థన చేస్తాం అంటే మాత్రం పాపని ఆ కూటానికి తీసుకెళ్ళకండి. పాప మందు ఖర్చు గురించి కూడా మీ వారి మనసులో ఏమైనా ఉంటే, చాలామంది మగవాళ్ళు పైకి చెప్పరు, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి) పిల్లల ఓపీలో అడగండి, ఫిట్స్ మందులు సర్కారు ఆస్పత్రుల్లో ఫ్రీగా ఇస్తారు.

ఇంట్లో ఒక అలవాటు పెట్టుకోండి. రాత్రి 8కి భోజనం, కుటుంబ ప్రార్థన, ఆ ప్రార్థన అవ్వగానే పాప మందు, వేసేది వాళ్ళ నాన్నే అయితే ఇంకా మంచిది. పొద్దున మళ్ళీ 8కి, స్కూల్ బస్సు ముందుగా వస్తే 7కి, అప్పుడు రాత్రి కూడా 7కే. ప్రార్థన, మందు ఒకే చోట ఒకే చేత్తో అందితే ఈ రెండూ శత్రువులని పాపకి ఎప్పటికీ అనిపించదు. సండే స్కూల్‌కి, వేసవిలో పిల్లల బైబిల్ తరగతులకి (వీబీఎస్) హాయిగా పంపండి, ఆటలు పాటలు ఏవీ మాన్పించొద్దు, అక్కడి టీచర్‌కి, స్కూల్లో క్లాస్ టీచర్‌కి సంగతి చెప్పి ఉంచండి. బీచ్‌కి వెళ్తే నీళ్ళల్లోకి ఒంటరిగా వదలొద్దు, పెద్దవాళ్ళు చెయ్యి పట్టుకునే ఉండాలి. బాత్రూంకి గడియ పెట్టుకోనివ్వకండి. జ్వరం వస్తే అశ్రద్ధ చెయ్యొద్దు.

డోసులు పోయాయి కాబట్టి ఈ వారం కొంచెం కనిపెట్టుకుని ఉండండి. ఫిట్ వస్తే టైం చూసుకోండి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టి మెడ దగ్గర గుడ్డలు వదులు చెయ్యండి, గట్టిగా పట్టుకోవద్దు, నోట్లో చెంచా గానీ నీళ్ళు గానీ ప్రార్థన నూనె గానీ ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఇవేవీ పనిచెయ్యవు. డాక్టర్ ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసి ఉంటే ఆయన చెప్పినట్టే వాడండి, రాయకపోతే ఈసారి అడగండి. 5 నిమిషాలు దాటినా, ఒకటి ఆగి తెలివి రాకుండానే ఇంకోటి మొదలైనా, ఊపిరి సరిగ్గా అందకపోయినా 108కి ఫోన్ చేసి వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి, చుట్టూ నిలబడి ప్రార్థన చేసేవాళ్ళు దారిలో కూడా చేస్తారు. డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు పాత ఈఈజీ, మందు చీటీ, ఏయే రోజుల డోసులు పోయాయో రాసిన కాగితం, పాప కోపంగా ఉన్నప్పుడు ఫోన్లో తీసిన చిన్న వీడియో పట్టుకెళ్ళండి, వీలైతే ఈ శుక్రవారం లోపే వెళ్ళండి.